సెలూన్‌లో స్టాఫ్ కమీషన్: ఎంత శాతం అనేదాని కంటే ముందు దేని మీద శాతమో తేల్చండి

మీరు అడిగింది ఇదీ: విజయవాడలో చిన్న యూనిసెక్స్ సెలూన్, నలుగురు స్టైలిస్టులు, ఇద్దరు హెల్పర్లు. ఒక్కో స్టైలిస్టుకి 18,000 జీతం, పైన ప్రతి బిల్లు మీద 10 శాతం కమీషన్. నెలాఖరు వస్తే లెక్కల దగ్గర గొడవ, మీ చేతికి మిగిలేది తక్కువ. శాతం తగ్గించాలా అంటున్నారు.

తగ్గించకండి. చెప్పి ఇచ్చిన శాతం తగ్గిస్తే మంచి పనివాడే ముందు వెళ్లిపోతాడు, వెంట తన కస్టమర్లనీ తీసుకెళ్తాడు. హనుమకొండలో సెలూన్ నడుపుతున్న అనుభవంతో చెప్తున్నాను, గొడవ దాదాపు ఎప్పుడూ శాతం గురించి ఉండదు. ఆ శాతం ఏ మొత్తం మీద వేస్తున్నారో స్టాఫ్‌కి ఒకలా, ఓనర్‌కి ఒకలా అర్థమై ఉంటుంది. అక్కడి నుంచే మొదలుపెట్టండి.

ముందు జీఎస్టీ. మీకు రిజిస్ట్రేషన్ ఉంటే, కస్టమర్ కట్టిన మొత్తంలో పన్ను మీది కాదు, స్టైలిస్టుది కూడా కాదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి సెలూన్ సేవలకి పన్ను 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. అంటే 1,050 రూపాయల బిల్లులో పని విలువ 1,000. కమీషన్ ఆ 1,000 మీదే. దీంతో పాటు ఇంకోటి జరిగింది, చాలామంది గమనించలేదు. 5 శాతం రేటులో ఇన్‌పుట్ క్రెడిట్ లేదు, అంటే సరుకు కొన్నప్పుడు కట్టిన పన్నుని మనం కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోలేం. కలర్, కెరాటిన్, షాంపూ కొన్నప్పుడు కట్టే జీఎస్టీ ఇప్పుడు పూర్తిగా మన ఖర్చే. కాబట్టి మెటీరియల్ ఖర్చు వేసేటప్పుడు పన్నుతో కలిపిన ధరే వేయండి. మీకు మిగలకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

రెండోది మెటీరియల్. మన ఊళ్లలో పాత షాపుల్లో కుర్చీ మీద సగం సగం పద్ధతి ఇంకా నడుస్తోంది. షాపు, కరెంటు, కుర్చీ ఓనర్‌వి, పని వర్కర్‌ది, వచ్చినదాంట్లో చెరి సగం. కటింగ్, షేవింగ్‌కి అది చక్కగా సరిపోతుంది, ఎందుకంటే అందులో సరుకు ఖర్చు చాలా తక్కువ. స్మూతెనింగ్ (జుట్టుని నునుపుగా చేయడం), గ్లోబల్ కలర్ (జుట్టంతటికీ రంగు) వచ్చాక ఆ లెక్క కుదరదు. 5,000 స్మూతెనింగ్‌లో 1,200 సరుకే పోతే, కమీషన్ 3,800 మీద రావాలి. అయితే ప్రతిసారీ ఎన్ని గ్రాములు వాడావని అడుగుతూ కూర్చుంటే పనివాడికి అవమానంగా ఉంటుంది. మా దగ్గర జుట్టు పొడవును బట్టి మూడు రకాలుగా, ఒక్కో సర్వీసుకి ఇంత మెటీరియల్ అని చార్టు రాసి స్టాఫ్ గదిలో అంటించాం. పొట్టి, భుజాల దాకా, అంతకంటే పొడవు. అంతే. చిన్న త్రాసు మీద తూచేది ఆ చార్టు తయారు చేసేటప్పుడూ, సరుకు ధర మారినప్పుడూ మాత్రమే.

డిస్కౌంటు విషయంలో నా పద్ధతి కొందరికి నచ్చదు, అయినా చెప్తాను. షాపు పెట్టిన ఆఫర్ అయితే వచ్చిన డబ్బు మీదే కమీషన్. కానీ నా బంధువులకో, తెలిసినవాళ్లకో నేను ఉచితంగా చేయించినప్పుడు మాత్రం రేటు కార్డులో ఉన్న పూర్తి ధర మీద ఇస్తాను. మర్యాద నాది, చెమట వాళ్లది. ఆ ఖర్చు వాళ్ల జేబులోంచి పోకూడదు.

ఇక స్లాబులు, అంటే పని విలువని మెట్లుగా విడగొట్టి ఒక్కో మెట్టుకి ఒక్కో శాతం ఇవ్వడం. మొదటి రూపాయి నుంచే 10 శాతం బదులు, నెల పని జీతానికి మూడు రెట్లు దాటాక ఇవ్వండి. 18,000 జీతం అంటే 54,000 దాకా కమీషన్ లేదు. 54,000 నుంచి 80,000 వరకు 10 శాతం, ఆపైన 15 శాతం. ఒక స్టైలిస్టు నెలకి 92,000 పని చేశాడనుకోండి. మొదటి స్లాబులో 26,000 మీద 2,600, రెండో స్లాబులో 12,000 మీద 1,800. మొత్తం 4,400, జీతంతో కలిపి 22,400. మీ ప్రస్తుత పద్ధతిలో అతనికి 9,200 కమీషన్ వస్తోంది కదా, కాబట్టి ఒక్కసారిగా మారిస్తే ఒప్పుకోరు. జీతం పెంచి మారుస్తారా, జీతానికి రెట్టింపు దగ్గరే మొదలుపెడతారా, 15 బదులు 20 ఇస్తారా అన్నది మీ అద్దె, మీ రేట్లు చూసి మీరే వేసుకోవాలి.

ఒక్క విషయం మాత్రం మార్చకండి. పై శాతం ఎప్పుడూ దాటిన మొత్తం మీదే ఉండాలి. 80,000 దాకా మొత్తానికీ 10 శాతం, దాటితే మొత్తానికీ 15 శాతం అని పెడితే, 80,000 దగ్గర 8,000 వచ్చేవాడికి ఇంకో కటింగ్‌తో 12,000 వస్తుంది. ఒక్క కటింగ్‌కి 4,000 తేడా! నెల చివరి రోజుల్లో కస్టమర్ కోసం ఇద్దరు కొట్టుకునేది, అక్కర్లేని స్పా అంటగట్టేది ఇందుకే. నష్టపోయేది మన షాపు పేరు.

టార్గెట్ అన్ని నెలలకీ ఒకటే పెట్టడం కూడా అన్యాయం. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా అయ్యప్ప మాల వేసుకునేవాళ్లు కటింగ్, షేవింగ్ చేయించుకోరు. మగవాళ్ల కుర్చీ మీద పనిచేసేవాడికి ఆ రోజుల్లో పని పడిపోతుంది, అతని తప్పేం లేదు. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు కాబట్టి మేకప్, హెయిర్‌స్టైల్ పని తగ్గుతుంది, శ్రావణంలో మళ్లీ ఊపిరి ఆడదు. మా దగ్గర మూడు నెలల పనిని కలిపి సగటు చూస్తాం. డల్ నెలలో కమీషన్ రాకపోయినా తర్వాతి నెలలో సర్దుబాటు అవుతుంది. అందరిలోకీ నిజాయితీగా పనిచేసేవాళ్లకి ఈ ఒక్క మార్పుతోనే టెన్షన్ తగ్గింది.

హెల్పర్లని మర్చిపోకండి. సీనియర్ కలర్ వేస్తే, వాష్, బ్లో డ్రై చేసింది హెల్పర్. బిల్లులో ప్రతి సర్వీసు పక్కన ఇద్దరి పేర్లూ పడాలి, 80:20 అనో 70:30 అనో ముందే రాసి ఉండాలి. నోటిమాట మీద వదిలేస్తే ఆ 20 ఎప్పటికీ చేరదు.

మెంబర్‌షిప్ అమ్ముతుంటే జాగ్రత్త. 10,000 కడితే 12,000 పని అనే ప్యాకేజీలో, అమ్మినవాళ్లకి ఒక చిన్న మొత్తం అప్పుడే ఇచ్చేయండి. పని కమీషన్ మాత్రం కస్టమర్ వాడుకున్నప్పుడు, చేసినవాళ్లకి. అప్పుడు 600 సర్వీసు విలువ 500గా లెక్కకి వస్తుంది. అమ్మిన రోజే పూర్తి కమీషన్ ఇచ్చేస్తే, ఆ మనిషి మానేశాక మిగతా పని ఎవరూ మనసు పెట్టి చేయరు.

టిప్పులు లెక్కలోకి రాకూడదు. షాపు క్యూఆర్‌కి టిప్పు పడితే ఆ రాత్రే నగదుగా చేతికి ఇచ్చేయండి. అడ్వాన్సు కోతలు కూడా కమీషన్ కాగితం మీద కలపకండి, వేరే రాయండి. పని బాగాలేదని కస్టమర్ తిరిగొస్తే, మళ్లీ చేసినందుకు కమీషన్ ఉండదు. వేరేవాళ్లు సరిచేస్తే వాటా వాళ్లకి మారుతుంది. దానికి జీతంలో మాత్రం చేయి పెట్టొద్దు. ఇప్పుడు అమల్లో ఉన్న వేతనాల కోడ్ ప్రకారం కమీషన్ వేతనం నిర్వచనంలోకి రాదు, కాకపోతే అలాంటి మినహాయింపులన్నీ కలిపి మొత్తం చెల్లింపులో సగం దాటితే ఆ దాటింది వేతనం కిందే లెక్క. కాబట్టి జీతం నామమాత్రంగా పెట్టి అంతా కమీషన్ మీద నడిపే ఆలోచన ఉంటే మీ ఆడిటర్‌తో మాట్లాడాకే చేయండి.

సాఫ్ట్‌వేర్ గురించి కూడా అడిగారు. ఆరుగురికి గూగుల్ షీట్ చాలు. తేదీ, బిల్లు నంబరు, సర్వీసు, పన్ను లేని ధర, మెటీరియల్, ఎవరి వాటా ఎంత. రోజూ షాపు మూసేముందు ఎవరి లెక్క వాళ్లకి వాట్సాప్‌లో పంపండి. అభ్యంతరం ఉంటే మర్నాడు సాయంత్రంలోగా చెప్పాలి. నెలాఖరుకి చర్చించాల్సింది ఏమీ మిగలదు.

మార్చే ముందు ఒక నెల పాత పద్ధతి, కొత్త పద్ధతి రెండూ పక్కపక్కన వేసి చూపించండి. ఆ నెలకి ఏది ఎక్కువైతే అది ఇవ్వండి. జీతం ఎలాగూ 7వ తేదీలోపు ఇవ్వాలి, కమీషన్ కూడా అదే రోజు, అదే కాగితం మీద వేరే వరుసలో రాసి ఇవ్వండి.