ప్రాగ్‌లో ఒక్కరోజే ఉంటే ఆ పాత సినగాగ్‌కి వెళ్లాలా వద్దా

మీరు అడిగింది ఏంటంటే, ప్రాగ్‌లో ఒక్కరోజే ఉంటాం, అమ్మానాన్న కూడా వస్తున్నారు, ఓల్డ్ న్యూ సినగాగ్‌కి (యూదుల పాత ప్రార్థనా మందిరం) డబ్బులు పెట్టి వెళ్తే లోపల ఒక్క చిన్న హాలే ఉంది, పది నిమిషాల్లో బయటికొచ్చేశాం అని చాలామంది రాశారు, వెళ్లాలా మానేయాలా అని.

నేను రెండుసార్లు వెళ్లా. కరెక్ట్‌గా చెప్పాలంటే ఒకసారి గుమ్మం దాకా, ఒకసారి లోపలికి. మొదటిసారి డ్రెస్డెన్ నుంచి ట్రైన్ ఎక్కి, రెండున్నర గంటల ప్రయాణమే కదా అని శనివారం పొద్దున్నే దిగా. శనివారం యూదులకి సబ్బాతు, అంటే విశ్రాంతి, ప్రార్థనల రోజు అని చిన్నప్పట్నించీ విన్న మాటే, స్కూల్లో సగం మంది ఫ్రెండ్స్ క్రిస్టియన్సే, అయినా బుర్రకి తట్టలేదు. నల్లకోట్లు వేసుకున్న మనుషులు ప్రార్థనకి లోపలికి వెళ్తున్నారు, నేను కెమెరా మెడలో వేసుకుని వాళ్ల వెనకే వెళ్లబోతే గుమ్మం దగ్గరాయన ఏమీ అనకుండా తల అడ్డంగా ఊపాడు. సిగ్గేసింది. కాబట్టి ముందే చెప్తున్నా, శనివారం, యూదుల పండగలప్పుడు టూరిస్టులకి క్లోజ్, శుక్రవారం కూడా చీకటి పడకముందే మూసేస్తారు, చలికాలంలో అయితే ఇంకా తొందరగా. మీ ఒక్కరోజు ఏ వారం పడిందో ముందు చూసుకోండి, మిగతాదంతా తర్వాత.

రెండోసారి అమ్మని తీసుకెళ్లా, నవంబర్‌లో. మెట్రో ఏ లైన్‌లో స్టారోమెస్ట్‌స్కా స్టేషన్లో దిగితే ఐదారు నిమిషాల నడక. పక్కనున్న పార్జీష్‌స్కా వీధిలో అన్నీ మనం అద్దం లోంచి చూడ్డానికి పనికొచ్చే షాపులే, హ్యాండ్‌బ్యాగ్ రేటు చూసి అమ్మ రూపాయల్లోకి లెక్కేసి నోరు మూసుకుంది. ఆ వీధి ఉన్నచోట ఒకప్పుడు యూదుల పేట ఉండేది. 1893 నుంచి ఇరుకు సందులు, మురికి అని చెప్పి దాదాపు మొత్తం కూలగొట్టేసి కొత్త బిల్డింగులు లేపారు. మిగిలింది ఆరు సినగాగ్‌లు, వాళ్ల టౌన్ హాల్, శ్మశానం. ఆ ఆరింట్లో అన్నిటికన్నా పాతది ఇదే, సుమారు 1270లో కట్టింది. మన ఓరుగల్లులో రుద్రమదేవి ఏలుతున్న రోజులన్నమాట. యూరప్‌లో ఇప్పటికీ ప్రార్థన జరుగుతున్న సినగాగ్‌లలో ఇదే పాతదంటారు. సినగాగ్ అంటే తెలుగు బైబిల్లో సమాజమందిరం అని ఉంటుంది చూడండి, అదే.

బయట్నుంచి చూస్తే ఏమీ ఉండదు. నిటారుగా ఉన్న పెంకుల కప్పు, ముందువైపు మెట్లుమెట్లుగా ఇటుక గోడ, అంతే. రోడ్డు కన్నా కిందకి ఉంటుంది. లోపలికి వెళ్లాలంటే మెట్లు దిగాలి. అమ్మ అక్కడే ఆగిపోయి "ఏరా, గుడికి ఎవరైనా మెట్లెక్కుతారు గానీ దిగుతారా" అంది. ఏడొందల ఏళ్లలో చుట్టూ నేల ఎత్తు పెరిగింది, ఇది మాత్రం ఉన్నచోటే ఉంది అని చెప్పా. ఇంకో కారణం కూడా చెప్తారు, లోతుల్లోంచి దేవుణ్ణి పిలవాలని కీర్తనల్లో ఉంది కదా, అందుకని. అమ్మకి ఈ రెండోదే నచ్చింది. మగవాళ్లు తల కప్పుకోవాలి, నా ఉన్ని టోపీ సరిపోయింది.

లోపల హాల్లోకి వెళ్లే తలుపు పైన రాతిలో ద్రాక్ష తీగ చెక్కి ఉంటుంది, ఆకులు, గుత్తులు, అందరూ దాని కిందనుంచి తల వంచుకుని ఫోన్ చూసుకుంటూ వెళ్లిపోతారు. మీరు అక్కడ ఒక నిమిషం ఆగండి. లోపల మధ్యలో రెండు రాతి స్తంభాలు, ఎనిమిది పలకలవి, వాటి మధ్య ఇనప కటకటాలు కట్టిన వేదిక. వాళ్ల పవిత్ర గ్రంథం తోరా చదివేది అక్కడే. ఇప్పుడు తల పైకెత్తండి. పైకప్పుని పట్టుకున్న పక్కటెముకల్లాంటి రాతి బద్దెలు ఉంటాయి, ఆ కాలం చర్చిల్లో అయితే ఒక్కో గడికి నాలుగు, ఇక్కడ ఐదు. నాలుగైతే శిలువ ఆకారం వస్తుందని ఐదోది పెట్టారని గైడ్‌లందరూ చెప్పే మాట, చరిత్ర వాళ్లందరూ దీనికి ఒప్పుకోరు. కట్టిన మేస్త్రీలు మాత్రం క్రైస్తవులే, ఎందుకంటే యూదులని మేస్త్రీల సంఘాల్లో చేర్చుకునేవాళ్లు కాదు. అమ్మ వేలు పెట్టి ఒక్కోటి లెక్కపెట్టింది, గడి గడికీ ఐదే వస్తుంటే తనకి అదో ఆటైపోయింది, వెనకాల వచ్చిన స్పానిష్ గుంపు కూడా ఈవిడ ఏం చూస్తోందా అని పైకి చూడ్డం మొదలుపెట్టారు.

స్తంభాల మధ్య పైన ఎర్ర జెండా ఒకటి వేలాడుతుంది, ఆరు కోణాల నక్షత్రం, దాని మధ్యలో ఒక టోపీ బొమ్మ. సొంత జెండా పెట్టుకోవచ్చని 1357లో నాలుగో చార్లెస్ రాజు వీళ్లకి హక్కు ఇచ్చాడు, ఇప్పుడున్న జెండా 1716 నాటిది. మర్యాద ఇచ్చారు కదా అనుకునేరు. అదే రాజు కొడుకు కాలంలో 1389 ఈస్టర్‌కి ఈ పేట మీద పడి ఊచకోత కోశారు, పారిపోయి ఇందులో దాక్కున్నవాళ్లని కూడా వదల్లేదు. అది బతికి చూసిన అవిగ్దోర్ కారా అనే ఆయన రాసిన శోకగీతం ప్రాగ్ యూదులు ఏటా యోమ్ కిప్పూర్ రోజు, అంటే వాళ్ల ప్రాయశ్చిత్త దినాన చదువుతారు. ఈయన పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాడు.

నాకు అన్నిటికన్నా గుర్తుండిపోయింది మాత్రం గోడలో చీలికలు. మందపాటి గోడలో అక్కడక్కడా సన్నగా, పొడుగ్గా కంతలు ఉంటాయి, నేనైతే గాలి కోసం అనుకున్నా. అవి ఆడవాళ్లవి. హాల్లో మగవాళ్లే కూర్చుంటారు, ఆడవాళ్లు గోడ అవతల గదిలో ఉండి ఆ కంతల్లోంచి ప్రార్థన వినాలి. ఈ ముక్క చెప్పగానే అమ్మ వెళ్లి ఒకదానికి కన్ను ఆనించి చూసింది. అవతల చీకటి. కాసేపు అలాగే ఉండి "ఇందులోంచి ఏం కనబడుద్దిరా, చెవి పెట్టుకోడానికే" అంది. ఆ తర్వాత నేను జెండా గురించి ఏదో చెప్తుంటే విన్లేదు, ఒక్కో కంత దగ్గరకీ వెళ్లి చూసుకుంటూ హాలంతా తిరిగింది. పది నిమిషాల్లో అయిపోయింది అన్నవాళ్లు ఇవి చూసుండరని నా అనుమానం.

గోలెం కథ మీరు వినే ఉంటారు. 1609లో చనిపోయిన రబ్బీ (యూదుల మతగురువు) లోవ్ అనే పెద్దాయన వల్తావా నది మట్టితో మనిషిని చేసి ప్రాణం పోశాడని, పేట జనానికి కాపలా పెట్టాడని, చివరికి అది అదుపు తప్పితే ప్రాణం తీసేసి ఈ సినగాగ్ అటక మీద పడేశాడని. అమ్మ వినగానే "నలుగుపిండితో వినాయకుణ్ణి చేసి గుమ్మం దగ్గర కూర్చోబెట్టినట్టే కదా" అనేసింది, నాకు ఇన్నేళ్లలో తట్టలేదు. కథ బాగా పాకింది మాత్రం రబ్బీ పోయిన చాన్నాళ్లకి, 19వ శతాబ్దంలో. అటక మీదకి ఎవర్నీ పంపించరు, కానీ బయట వెనకవైపు గోడకి ఇనప కడ్డీ మెట్లు పైదాకా ఉంటాయి, వాటిని చూసి రండి, పిల్లలుంటే వాళ్లకి ఇదొక్కటీ చాలు.

బయటికొచ్చాక పక్కనే ఉన్న యూదుల టౌన్ హాల్ మీద గడియారం చూడటం మర్చిపోకండి. రెండున్నాయి, పైది మామూలుదే, కిందది హీబ్రూ అక్షరాలది. హీబ్రూ కుడి నుంచి ఎడమకి చదువుతారు కాబట్టి ముల్లు కూడా వెనక్కి తిరుగుద్ది. "అప్రదక్షిణంగా తిరుగుతోందేంట్రా" అని అమ్మ తన చేతి వాచీ దాని పక్కన పెట్టి మరీ చూసుకుంది.

ఇప్పుడు టికెట్ సంగతి. ఓల్డ్ న్యూ సినగాగ్, యూదుల మ్యూజియం రెండూ వేరే వేరే. మ్యూజియం టికెట్‌లో వేరే సినగాగ్‌లు కొన్ని, పాత శ్మశానం వస్తాయి, ఇది కూడా వస్తుందో, దీనికి విడిగా తీసుకోవాలో కొనేటప్పుడే కనుక్కోండి. రేట్లు మారుతుంటాయి, ముందురోజు చూసుకోండి. రెండూ చూడమనే నా సలహా, ఎందుకంటే పక్కనున్న శ్మశానం చూస్తేనే ఇది అతుకుద్ది. చోటు లేక ఒకరి మీద ఒకర్ని, కొన్నిచోట్ల పన్నెండు వరసల దాకా పూడ్చారు, పైన సుమారు 12 వేల రాళ్లు ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉంటాయి. అన్నిటికన్నా పాత రాయి 1439ది, ఎవరిదో తెలుసా, ఆ శోకగీతం రాసిన కారాదే. అక్కడే పింకాస్ సినగాగ్‌లో నాజీలు చంపిన దాదాపు 80 వేల మంది పేర్లు గోడల నిండా చేత్తో రాసి ఉంటాయి, పై అంతస్తులో నాజీల తెరెజీన్ క్యాంపులో పిల్లలు వేసిన బొమ్మలు. పెద్దవాళ్లతో వెళ్తున్నారు కాబట్టి పింకాస్ మొదట చూసి ఓల్డ్ న్యూ సినగాగ్ చివర్లో పెట్టుకోండి, మేము రివర్స్‌లో చేశాం, పింకాస్ నుంచి బయటికొచ్చాక అమ్మ హోటల్ దాకా మాట్లాడలేదు.

ఒక్కరోజే అంటున్నారు కాబట్టి నేనైతే ప్రాగ్ కోట లోపలి టికెట్ మానేసి ఓల్డ్ న్యూ సినగాగ్ చూస్తా. కోట బయట్నుంచి ఫ్రీగా కనబడుద్ది, ఇది లోపలికి దిగితే తప్ప కనబడదు. ఫోటోల కోసమే అయితే మాత్రం వెళ్లకండి, చార్లెస్ బ్రిడ్జి చాలు.

కింద కామెంట్లలో ఎవరో ఇది మన కొచ్చిలో సినగాగ్‌లాగే ఉంటుందా అని అడిగారు. అస్సలు కాదండి. కొచ్చిది 1568 నాటిది, నీలం బొమ్మల చైనా టైల్స్, గాజు దీపాలు, పెళ్లింటి కళ. ఇక్కడ బూడిద రంగు రాయి, సన్న కిటికీలు, మిట్ట మధ్యాహ్నం కూడా సాయంత్రంలా ఉంటుంది. నవంబర్‌లో అయితే లోపల చలి బాగా పట్టేస్తుంది, అమ్మానాన్నకి స్వెటర్ మీద ఇంకోటి వెయ్యండి.