ఇంటరా, పాలిటెక్నిక్కా: వాడి చేతే లెక్క వేయించండి

"మా అబ్బాయి పదో తరగతి 480 మార్కులతో పాసయ్యాడు. వాళ్ల నాన్న విజయవాడలో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఎంపీసీకి అడ్వాన్స్ కట్టేశారు. వాడేమో పాలిసెట్‌లో ర్యాంకు వచ్చింది, మెకానికల్ డిప్లొమా చేస్తానంటున్నాడు. మిక్సీ పాడైతే విప్పి బాగుచేస్తాడు గానీ, పదహారేళ్లవాడికి ఏం తెలుసని వదిలేయాలి? తండ్రీకొడుకులు మాట్లాడుకోవడం మానేశారు."
— ఒక తల్లి, తెనాలి

అమ్మా, వదిలేయమని నేనూ చెప్పను. వాడి చేత ఆలోచింపజేయమంటాను. రెండేళ్లలో వాడికి ఓటు వస్తుంది, గేర్ల బండికి లైసెన్స్ వస్తుంది. ఇప్పటిదాకా చొక్కా రంగు కూడా మీరే చూసి ఉంటే, ఆ రోజున తెలివి ఒక్కసారిగా ఎక్కడినుంచి ఊడిపడుతుంది?

ముందు కాలం లెక్క చూడండి. ఇంటర్ 2, బీటెక్ 4, మొత్తం 6 ఏళ్లు. డిప్లొమా 3 ఏళ్లు చదివి ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాస్తే బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. అక్కడ మరో 3 ఏళ్లు. అదీ ఆరే. కాబట్టి "ఏళ్లు వృథా" అన్న భయం అక్కర్లేదు. కాకపోతే ఈసెట్‌తో ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్లు రావు. ఈ మాట అబ్బాయికి దాచకుండా చెప్పండి.

మిక్సీ సంగతి మీరు తేలిగ్గా రాశారు గానీ, నాకు అదే ముఖ్యం. వాడికి దేనిమీద మనసుందో అది చెబుతోంది. అయితే డిప్లొమా అంటే స్పానర్ పట్టడమే కాదు, లెక్కలుంటాయి, గంటల తరబడి డ్రాయింగ్ ఉంటుంది. అది వాడు కళ్లారా చూడాలి. ఒక పనిరోజున విజయవాడ గవర్నమెంట్ పాలిటెక్నిక్‌కి తీసుకెళ్లండి, అడిగి వర్క్‌షాప్ చూపించండి. ఆఖరి ఏడాది పిల్లలతో వాణ్ణే మాట్లాడనివ్వండి, మీరు మధ్యలో అందుకోవద్దు. అదే రోజు ఆ రెసిడెన్షియల్ కాలేజీ కూడా చూడండి. పొద్దున ఎన్నింటికి లేపుతారు, స్టడీ అవర్స్ ఎంతసేపు, ఇంటికి ఎప్పుడు పంపుతారు, అన్నీ వాడే అడగాలి. ఇంటికొచ్చాక రెండు దారుల్లో మంచీ చెడూ తన చేతిరాతతో కాగితం మీద పెట్టమనండి. "ఫ్రెండ్ వెళ్తున్నాడు" అనేది ఒక్కటే కారణమైతే, రాసేటప్పుడు వాడికే తెలిసిపోతుంది.

అడ్వాన్స్ తిరిగిస్తారేమో కనుక్కోండి. ఇవ్వకపోయినా, ఆ డబ్బు కోసం కొడుకు రెండేళ్లు పణంగా పెట్టొద్దు.

మీవారితో ఒక్క మాట. "ఎందుకు నాన్నా?" అని అడిగి, వాడు చెప్పడం పూర్తయ్యేదాకా జవాబివ్వకుండా వినమనండి. కష్టమే. నా దగ్గరికి వచ్చే తండ్రుల్లో చాలామందికి రెండు నిమిషాలు కూడా ఓపిక ఉండదు. తర్వాత ఆయన నోటితోనే చెప్పించండి: "ఏడాది చూద్దాం, కుదరకపోతే ఇంకో దారి వెతుకుదాం. నువ్వు దాచొద్దు." ఈ మాట తండ్రి నుంచి విన్న పిల్లలు ఫెయిలైన పేపర్‌ను కూడా ఇంటికి తెస్తారు.

ఈలోగా వాడు తిండి, నిద్ర మానేసి గదిలోంచి బయటికి రాకపోతే ఆలస్యం చేయకుండా మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఒకవేళ పాలిటెక్నికే ఖాయమైతే, ఆన్‌లైన్‌లో కాలేజీలు ఎంచుకుని వెబ్ ఆప్షన్లు పెట్టే రోజు మౌస్ వాడి చేతిలో ఉండనివ్వండి. పక్క కుర్చీలో మాత్రం వాళ్ల నాన్న కూర్చోవాలి.