డింపుల్ పగిలిందని అమ్మాయిని ఇంటికి పిలిపించాలా?

ప్రశ్న: మాది అనంతపురం. ట్రంకు పెట్టెలు, బీరువాలు చేసే చిన్న షాపు ఉంది. మా అమ్మాయి ఐటీఐ ఫిట్టర్ చేసి, బెంగళూరులో విమాన భాగాలు తయారుచేసే ఒక యూనిట్‌లో అప్రెంటిస్‌గా చేరి ఆరు నెలలైంది. స్క్రూ రంధ్రాలకు డింపుల్ (స్క్రూ తల దిగేలా రంధ్రం చుట్టూ నొక్కే గుంట) వేస్తుంటే రేకు పగులుతోందట. మొన్న మూడు పగుళ్లు తనే చూపిస్తే, సూపర్‌వైజర్ ‘ఈ పనికి నీ చేయి పనికిరాదు’ అన్నాడట. అప్పటినుంచి టెన్షన్‌తో సరిగా నిద్రపోవడం లేదు. ఇంటికి పిలిపించి బ్యాంకు పరీక్షలకు కోచింగ్ ఇప్పించమంటారా?

జవాబు: ఇప్పుడే పిలిపించకండి. ఈ సలహాలు రాయడానికి ముందు నేను కొన్నేళ్లు విమానాల షీట్‌మెటల్ పనిలోనే ఉన్నాను. నేను వేసిన మొదటి డింపుల్స్ కూడా పగిలాయి. పగిలింది చేయి మంచిది కాక కాదు. ఆ పగులు చాలాసార్లు డింపుల్ వేయకముందే, డ్రిల్ చేసినప్పుడే పుడుతుంది.

మీరు రేకుతో బతికేవారు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. విమానం పైరేకు మీద స్క్రూ తల పొడుచుకు వస్తే గాలికి అడ్డం. రేకు మందంగా ఉంటే రంధ్రం అంచును గరాటులా చెక్కేస్తారు. మిల్లీమీటరు లోపు రేకును అలా చెక్కితే అంచు బ్లేడులా మిగులుతుంది. 1988లో హవాయిలో అలోహా ఎయిర్‌లైన్స్ 737 విమానం ఎగురుతుండగానే పైకప్పు ఊడిపోయింది. రేకుల అతుకు దగ్గర జిగురు వదిలేసి, భారం రివెట్ల మీద పడ్డాక, పగుళ్లు మొదలైంది అలా పదునెక్కిన రంధ్రాల అంచుల్లోనే. అందుకే పలచని రేకును చెక్కరు, రెండు డైల (అచ్చుల) మధ్య నొక్కి గుంట చేస్తారు. అదే డింపుల్.

నొక్కినప్పుడు రంధ్రం అంచు సాగుతుంది. స్క్రూ రంధ్రానికి ఈ బాధ ఎక్కువ. ఎనిమిదో నంబరు స్క్రూ కాడ 4.2 మిల్లీమీటర్లయితే, తల 8 దాటుతుంది. మీ ఇంట్లో జొన్నరొట్టె తట్టేటప్పుడు చూడండి. రొట్టె పెద్దదయ్యేకొద్దీ పగిలేది అంచే. అంచులో ముందే చిన్న చీలిక ఉంటే అక్కడే విచ్చుకుంటుంది. రేకులో ఆ చీలిక పని చేసేది డ్రిల్ వదిలిన బర్, అంటే అంచున మిగిలే గరుకు ముళ్లు. మొండి డ్రిల్లుతో వేసిన రంధ్రం చుట్టూ గోరు ఆనిస్తే గరుకు తగులుతుంది. ఆ గరుకును రెండు వైపులా తీసి, అంచు నున్నగా చేశాకే డై పెట్టాలి. అలాగని బర్ తీసే డీబర్ టూల్‌ను అదేపనిగా తిప్పకూడదు, అంచు మళ్లీ పలచబడిపోతుంది.

రంధ్రాన్ని మొదటే పూర్తి సైజుకు వేయకూడదు. కాస్త చిన్నగా వేసి, డింపుల్ అయ్యాక రీమర్‌తో సైజుకు తేవాలి. అప్పుడు ఎక్కువ సాగిన అంచు కొంత తెగిపోతుంది. నొక్కేది ఒక్కసారే, గట్టిగా. సరిగా రాలేదని మళ్లీ మళ్లీ కొడితే రేకు గట్టిపడి పగులుతుంది. అసలు ప్యానెల్ ముట్టుకునే ముందు అదే రకం, అదే మందం తుక్కు ముక్క మీద వేసి, పదింతలు పెద్దగా చూపే భూతద్దంతో చూసుకోవాలి.

లోహం కూడా అడిగి తెలుసుకోమనండి. 2024-టీ3 రకం అల్యూమినియం చల్లగానే డింపుల్‌కు లొంగుతుంది. 7075-టీ6 రకం అంతగా సాగదు, దాన్ని సాధారణంగా వేడి డైలతో నొక్కుతారు. జొన్నపిండిని వేడినీళ్లతో కలపడం లాంటిదే అనుకోండి. వేడి ఎంత, ఎన్ని సెకన్లు అన్నది ప్రాసెస్ షీట్‌లో (పని విధానం రాసిన కాగితంలో) ఉన్నట్టే చేయాలి.

ఇక అమ్మాయి సంగతి. పగులు కనబడగానే తనే వెళ్లి చూపించింది కదా, ఆ ఒక్క మాట చదివే నేను వద్దంటున్నాను. రీమర్ తిప్పేసి, పైన పెయింట్ వేసి దాచేవాళ్లతోనే ఈ రంగానికి ప్రమాదం. ఆ మూడు రంధ్రాలను ఏం చేయాలో తేల్చాల్సింది క్వాలిటీ విభాగం. ‘ఎవరికీ చెప్పకు, పంపించెయ్’ అనే చోటైతే మాత్రం నేనే మానేయమంటాను, అదీ కంపెనీనే, పనిని కాదు. హైదరాబాద్ దగ్గర ఆదిభట్లలో అపాచీ హెలికాప్టర్ బాడీలు, సీ-130జే తోక భాగాలు తయారవుతున్నాయి. అలాంటి చోట్ల రేకు పని తెలిసినవాళ్లు కావాలి. లోపాలు పట్టే కన్ను ఉంది కాబట్టి, ముందుముందు రంగు ద్రవంతో పగుళ్లు బయటపెట్టే డై పెనెట్రంట్ లాంటి ఎన్‌డీటీ (భాగాన్ని పాడుచేయకుండా లోపాలు పట్టే) పరీక్షల సర్టిఫికెట్ తీసుకుని ఇన్‌స్పెక్షన్ వైపు వెళ్లొచ్చు. అప్రెంటిస్‌షిప్ పూర్తిచేసి పరీక్ష రాస్తే వచ్చే జాతీయ సర్టిఫికెట్‌ను మధ్యలో వదులుకోకండి. బ్యాంకు పరీక్షలు తర్వాతైనా రాయొచ్చు.

ఈ రాత్రి ఫోన్ చేసినప్పుడు ‘ఎలా ఉన్నావమ్మా’ అన్నాక, ఒక్కటి అడగండి: పగులు రంధ్రం పెదవి దగ్గర మొదలవుతోందా, బయట రేకు వంగిన చోట గుండ్రంగా వస్తోందా? పెదవి దగ్గరైతే డ్రిల్లు, డీబర్ చూసుకోవాలి. వంపు దగ్గరైతే డైల జత సరిపోలేదేమో, నొక్కుడు ఎక్కువైందేమో చూడమనండి. తను చెప్పే జవాబు మీకు బాగానే అర్థమవుతుంది, మీరూ రేకు వంచినవారే.