సున్నిపిండితో ఒళ్లు మండుతోంది, ఎందుకు?

ఇంట్లో ఆడించిన సున్నిపిండితో నలుగు పెట్టుకుంటే చర్మం గీరుకుపోయి మండుతోందంటే, చాలాసార్లు తప్పు పిండి ఆడించడంలోనే ఉంటుంది. పావుకిలో పెసలకు 100 గ్రాముల శనగపప్పు, గుప్పెడు బియ్యం, 25 గ్రాముల కచ్చూరాలు (సువాసనకు వేసే ఎండు దుంపలు), రెండు చెంచాల కస్తూరి పసుపు చాలు. కచ్చూరాలు రాళ్లలా ఉంటాయి కాబట్టి ముందు రోట్లో నలగ్గొట్టి, రెండు రోజులు ఎండబెట్టి పిండిమరకు ఇవ్వాలి. పల్చటి గుడ్డలో జల్లించాక వేళ్ల మధ్య నలిపి చూడండి. బియ్యపు రవ్వ తగిలితే మళ్లీ జల్లించాల్సిందే, గీరేది అదే.

బావంచాలు (ఆయుర్వేదంలో వాడే గింజలు) కూడా వేశారా? వాటిలోని సోరాలెన్ అనే రసాయనం ఎండ తగిలితే చర్మాన్ని కమిలిపోయేలా చేస్తుంది, నల్లమచ్చలు మిగులుతాయి. బొల్లికి వైద్యులు వాడేది ఆ గుణం కోసమే. రోజువారీ నలుగులోకి మాత్రం వద్దు. నలుగులో నిమ్మరసం కలిపి రాసుకుని ఎండలోకి వెళ్లినా ఇదే గొడవ.

ముందు నువ్వుల నూనె పట్టించి పావుగంట ఆగండి. పిండిని నీళ్లతో, పొడి చర్మమైతే పాలతో, జారుగా కలిపి రుద్దండి. పెచ్చుకట్టేదాకా ఆరనిచ్చి గీకొద్దు. మొటిమలు, పుళ్లు ఉన్నచోట అసలే వద్దు. తడి చెయ్యి డబ్బాలో పెడితే బూజు ఖాయం. కొత్త పిండిని మోచేతి మడతలో రాసి, ఒకరోజు చూశాకే ముఖానికి.