పాస్టరుగారి కలం మూత

చిరంజీవి రచయితకు,

మీ కథను రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపంతో, రెండోసారి నాలుగో పేజీ కోసం. తనకు మగవాళ్ల మీదే మనసు పోతుందని కొడుకు చెప్పిన రాత్రి, పాస్టరైన తండ్రి ప్రార్థన మనవుల పుస్తకం తెరిచి, వాడి పేరును రోగుల కింద రాయాలో దారి తప్పినవారి కింద రాయాలో తేలక, కలం మూత తీస్తూ పెడుతూ కూర్చుని, చివరికి ఏమీ రాయకుండానే దీపం ఆర్పేస్తాడు. అది బాగుంది.

మరుసటి పేజీలో అదే మనిషి బల్ల గుద్ది, స్వలింగ సంపర్కం వల్లే దేవుడు నాశనం చేశాడని చాలామంది చెప్పుకునే సొదొమ గొమొర్రా పట్టణాల మీద ప్రసంగం అందుకున్నాడు. ముప్పై ఏళ్లు వాక్యం బోధించాడని మీరే చెప్పిన మనిషికి బైబిల్లోని యెహెజ్కేలు 16:49 తెలియదంటే ఎలా నమ్మను? సొదొమ దోషం గర్వమనీ, తిండికి లోటు లేక సుఖంగా ఉండి కూడా దీనులను ఆదుకోకపోవడమనీ అక్కడ ఉంది. ఆ తరువాతి వచనంలోని హేయక్రియలను చూపి దానికి జవాబు చెప్పగలవాడూ అతడే. నిజంగా కలవరపడ్డ పాస్టరు మత్తయి 19కి వెళతాడు. విడాకుల గురించి అడిగినవారికి, సృష్టికర్త ఆదినుంచి పురుషునిగానూ స్త్రీగానూ చేశాడని యేసు గుర్తుచేసిన చోటు అది. అతని పక్షాన ఉన్న బలమైన వాదాన్ని అతనికి అందనివ్వకుండా ఓడించడం దొంగాట.

నా తొలినాళ్లలో ఇలాంటి కథే రాశాను. పాస్టరు మోకరించే పేరాను ఒక సంపాదకుడు కొట్టేసి, మతాన్ని తిడుతున్నారో వెనకేసుకొస్తున్నారో తేల్చుకోమన్నాడు. అచ్చులో పేరు చూసుకోవాలన్న ఆశతో ఒప్పుకున్నాను. కథను మెచ్చుకున్నారు కూడా. ఆ సంచికను నేను ఇప్పటికీ తెరవను. పాస్టరు కనిపిస్తే కపటిగా తేలాల్సిందేనన్న రివాజు నేటికీ నడుస్తోంది, మీరూ అందులో పడ్డారు.

కొడుకుకు చేసిన అన్యాయం ఇంకా పెద్దది. అదే చర్చిలో పెరిగినవాడు కథ మొత్తంలో ఒక్కసారైనా ప్రార్థించడేం? దేవుని రాజ్యం దక్కనివారిని పౌలు లెక్కపెట్టిన మొదటి కొరింథీ 6:9లోని రెండు గ్రీకు మాటలు మన బైబిల్లో ఆడంగితనముగలవారు, పురుషసంయోగులు అయ్యాయి. 1946లో వచ్చిన ఒక ఇంగ్లీషు అనువాదం ఆ రెండింటినీ కలిపి ‘హోమోసెక్సువల్స్’ అని ఒకే మాట వేసి, 1971లో దాన్ని మార్చుకుంది. పౌలు ఖండించింది కుర్రవాళ్లను వాడుకునే ఆనాటి అలవాటునా, స్వలింగ సంపర్కాన్ని మొత్తంగానా అని పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. పండితులకు తొందరేమీ లేదు. రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ప్రభువు బల్ల దగ్గరికి రేపు వెళ్లవచ్చో లేదో తేలక రాత్రంతా ఆ వచనం చుట్టూ తిరిగే మీ కుర్రవాడికి ఉంది. ఆ రాత్రి మీ కథలో లేదు.

ఇక ముగింపు. 2023 డిసెంబరులో వాటికన్ స్వలింగ జంటలకు ఆశీర్వాదం ఇవ్వవచ్చని ప్రకటిస్తూనే, అది పెళ్లి తంతులా కనిపించకూడదనీ, వివాహం గురించిన తమ బోధ మారలేదనీ అదే పత్రంలో రాసుకుంది. అంత పాత సంస్థ అంతగా తటపటాయిస్తుంటే, మీ పాస్టరు ఒక్క కౌగిలింతతో మారిపోయాడు! ఆ పేరా తీసేయండి. పోటీకి పంపాలా, కలం పేరు పెట్టుకోవాలా అన్నవి తరువాత చూద్దాం. ముందు ఆ ప్రార్థన పుస్తకాన్ని కొడుకు చేత తెరిపించండి. తండ్రి పేరును వాడు దేని కింద రాస్తాడో నాకు చూడాలని ఉంది.