శ్రుతి లేని గొంతూ ఆరాధనకు కావాలి

చర్చిలో క్వయర్ (పాటల బృందం) చక్కగా పాడుతుంటే శ్రుతి రానివాళ్ళు గొంతు కలపడం అవసరమా, మనసులో పాడుకుంటే చాలదా అని అడిగారు. చాలదు. గుంటూరులో మా లూథరన్ సంఘం క్వయర్‌లో పదకొండేళ్ళు పాడాను. ఇది నాకు ఆలస్యంగా తెలిసింది.

మా చర్చికి మిర్చియార్డులో హమాలీగా చేసే బాబాయి ఒకరు వస్తారు. మిర్చి టిక్కీలు (బస్తాలు) మోసీ మోసీ ఆ ఘాటుకు గొంతు బొంగురుపోయింది. తాళానికి కాస్త వెనకబడేవారు. ఒక డిసెంబరులో నేనే వెళ్ళి, "బాబాయ్, మైకులో మీ గొంతే వినబడుతోంది, కొంచెం మెల్లగా పాడండి" అన్నాను. "అలాగే నాన్నా" అన్నారు. ఆ తర్వాత ఆయన పెదాలు కదిలేవి, మాట వినబడేది కాదు. నాకు హాయిగానే ఉండింది.

నాలుగేళ్ళకు మా నాన్నగారు పోయారు. భూస్థాపన పనిరోజున పడింది, క్వయర్‌వాళ్ళెవరూ రాలేకపోయారు. పాస్టరు అయ్యగారు కీర్తన నంబరు చెప్పగానే పల్లవి నేనే ఎత్తాను. రెండో మాటకే గొంతు పూడుకుపోయింది. గుంట చుట్టూ ఎవరూ అందుకోలేదు. అప్పుడు వెనకనుంచి ఆ బొంగురు గొంతు లేచింది. ఆయనకు చదువు రాదు, చరణాలన్నీ నోటికి వచ్చు. ఆయన వెంట ఆడవాళ్ళు, ఆ తర్వాత అందరూ. ఆ పాట సాగుతుండగానే నేను మన్ను వేశాను. ఆ రోజు నా వంతు కూడా సంఘమే పాడింది. మనసులో పాడుకుంటే నాకెలా వినబడేది? సంగీతములతో ఒకరికొకరు బోధించుకోమని బైబిల్లో పౌలు కొలొస్సయులకు రాసింది ఇందుకే అనుకుంటాను.

1524లో జర్మనీలో లూథరన్ల మొదటి పాటల పుస్తకం ఎనిమిదే పాటలతో అచ్చయింది, జనం తమ భాషలో పాడుకోవాలని. మన పురుషోత్తమ చౌదరి గారు 19వ శతాబ్దంలోనే మన రాగతాళాల్లో కీర్తనలు కట్టారు కాబట్టే బాబాయి లాంటివాళ్ళ నోట నిలిచాయి. ఇప్పుడు స్క్రీను మీద రెండు చరణాలు వేసి ఆపేస్తున్నారు! మిగతావి పిల్లలకు ఎప్పుడు వస్తాయి? కీబోర్డువాళ్ళేమో యూట్యూబులో విన్న శ్రుతికే పెడతారు, పెద్దవాళ్ళకు పై స్థాయి అందక నోరు మూసుకుంటారు. తప్పు వాళ్ళ గొంతులో లేదు.

భూస్థాపన అయిన ఆదివారమే బాబాయి చేతులు పట్టుకుని క్షమించమని అడిగాను. ఇప్పుడు మైకు ఆయన బెంచీకి దూరంగా జరిపాం, శ్రుతి ఒక మెట్టు దించాం. మీ చర్చిలోనూ ముందు శ్రుతి దించమని అడగండి. ఈ ఆదివారం మాత్రం గట్టిగా పాడండి.