తలుపు వేసుకుని పాఠం చెప్పకు

చిట్టితల్లికి, పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు టీచర్‌గా చేరబోతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పగానే సంతోషంతో నోట మాట రాలేదు. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. పాఠాలన్నీ ల్యాప్‌టాప్‌లో తయారు చేసేసుకున్నావట, ఇక ఎవరి సాయమూ అక్కర్లేదన్నావట. నాకు భయం వేసింది ఆ రెండో మాటకే.

పిల్లల పేర్లు మొదటి వారంలోనే నేర్చుకో. బోర్డు మీద రాసింది వెనక బెంచీకి కనపడాలి. గొంతు జాగ్రత్త. ఇవన్నీ నీకు తెలిసినవే.

మా స్కూలుకి కొత్తగా ప్రొజెక్టర్ వచ్చినప్పటి సంగతి చెబుతాను. లెక్కల మాస్టారు ఒకాయన, పిల్లలంటే ప్రాణం పెట్టే మనిషి, భిన్నాల పాఠం స్లైడ్ల మీద చెప్పాడు. 1/2కి 1/3 కలపాలి. బటన్ నొక్కితే రంగుల్లో 3/6, 2/6, వెంటనే 5/6 వచ్చేసేవి. 'అర్థమైందా?' అంటే క్లాసంతా 'అయింది సార్' అనేది. నోట్సులన్నిట్లోనూ 5/6 ముత్యాల్లా ఉండేది. తలుపు వేసుకుని చెప్పేవాడు, ఎవరైనా చూస్తే నామోషీ అనుకునేవాడు. పరీక్ష పెడితే చాలామంది 2/5 అని రాశారు. పైవి పైవాటితో, కిందివి కిందివాటితో కలిపేశారన్నమాట. ఆయన కుంగిపోయి అదే స్లైడ్లు ఇంకా నెమ్మదిగా మళ్లీ చూపించాడు. మళ్లీ 2/5.

చివరికి మా సీనియర్ టీచరమ్మ ఒప్పించి వెనక బెంచీలో కూర్చుంది. ఆయన వైపు చూడనే లేదు. పక్కనున్న అమ్మాయి పెన్సిల్‌నే చూస్తూ, 'సగానికి ఇంకొంత కలిపావు కదా, మరి సగం కంటే తక్కువ ఎలా వచ్చింది?' అని మెల్లగా అడిగింది. 2/5 సగం కంటే తక్కువేగా! ఆ పిల్ల చాలాసేపు ఆలోచించి, రాసింది తనే కొట్టేసింది. అన్ని స్లైడ్లలోనూ లేనిది ఆ ఒక్క ప్రశ్నే. తప్పు ప్రొజెక్టర్‌ది కాదు. జవాబు ముందే కనిపించేస్తుంటే పిల్ల మనసులో ఏముందో టీచర్‌కి కనపడదు.

అందుకే నీ క్లాసుకి ఒక పెద్దదిక్కుని పిలు. నిన్ను మెచ్చుకునేవాళ్లని కాదు, పిల్లల్ని గమనించేవాళ్లని. 'నా పాఠం ఎలా ఉంది?' అని అడిగితే 'బాగుంది' అనేసి వెళ్లిపోతారు. 'ఈ ఇద్దరు పిల్లలు ఎక్కడ రాయడం ఆపేస్తున్నారో చూసి చెప్పండి' అని అడుగు. జపాన్‌లో టీచర్లు ఎన్నో తరాలుగా చేస్తున్నది ఇదే. కొందరు కలిసి ఒక పాఠం తయారు చేస్తారు, ఒకరు చెబుతారు, మిగతావాళ్లు పిల్లల్ని చూస్తారు, తర్వాత కూర్చుని పాఠాన్ని దిద్దుకుంటారు. పాఠం అందరిదీ కాబట్టి మాట పడ్డా ఒక్కరే పడినట్టు ఉండదు. నీలాంటి మొండిపిల్లకి ఇది మరీ అవసరం, కోపగించుకోకు.

టెక్నాలజీ వద్దనడం లేదమ్మా. మా కాలంలో ఉంటే ఎంత బాగుండేదో అనిపించేది ఒకటుంది. ఫోన్‌లో నీ గొంతు మాత్రం రికార్డ్ చేసుకో. ప్రశ్న వేశాక ఎంతసేపు ఆగుతున్నావో విను. 1970ల్లో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు గమనిస్తే, టీచర్లు సగటున ఒక సెకను కూడా ఆగడం లేదని తేలింది. 3 సెకన్లు ఆగితే జవాబులు పొడవయ్యాయి, మాట్లాడని పిల్లలు కూడా నోరు విప్పారు. ఆ 3 సెకన్లు నీకు యుగంలా ఉంటాయి, టెన్షన్ పడకు. ఏఐతో తయారు చేసిన పాఠాన్ని మాత్రం తోటి టీచర్ ఒకరికి చూపించకుండా క్లాసుకి తీసుకెళ్లకు. నీ క్లాసు పిల్లలు ఏ మెట్టు దగ్గర తడబడతారో ఆ తోటి టీచర్‌కే బాగా తెలుసు.

మొదటి ఏడాది కొన్ని సాయంత్రాలు ఏడుపొస్తుంది. అప్పుడు గదిలో ఒక్కదానివే కూర్చోకు తల్లీ. స్టాఫ్‌రూమ్‌లో ఎవరో ఒకరు ఉంటారు, ఎవరూ లేకపోతే నేనున్నాను.

ఆదివారం లోపు నీ మొదటి పాఠం ప్లాన్ పంపు. పిల్లలు ఎక్కడెక్కడ తప్పు చేస్తారనుకుంటున్నావో పక్కన రాసి మరీ పంపు. చదివి ఫోన్ చేస్తాను.

మీ పెద్దమ్మ